పన్నెండు అంతస్తులు

కీసర అవతల ఆ క్వారీ
ఈ సిటీకి ఎంత రాయి ఇచ్చిందో లెక్క లేదు.
మన వంటగదుల గట్లు, బ్యాంకుల మెట్లు, సమాధుల పలకలు
అన్నీ ఆడికెల్లే లేచి వచ్చినయి.
మిగిలిన గుంతలోకి వాన దిగింది.
ముప్పై ఆరు మీటర్లు.
వహీదుద్దీన్ దాన్ని మీటర్లల్ల చెప్పడు:
"పన్నెండు అంతస్తులు అక్కా, తలకిందులు."

లిఫ్ట్ మెకానిక్.
మెహదీపట్నంల, కొండాపూర్ల, మాదాపూర్ల
షాఫ్టుల గ్రీసు గోర్లల్ల పెట్టుకొని బతికినోడు.
పైన ఒకడు కాపలా లేకుంటె
లోపలికి ఏ పోరగాణ్ణి దిగనియ్యడు.
ఒకసారి ఒంటిగ దిగినోని చెంప పగలగొట్టిండు,
రాత్రికి వానికే బిర్యానీ తినిపిచ్చిండు.

గసోంటి మనిషి.

ఆ ఆదివారం మేం అనుకున్నది
ఆరు అంతస్తులే.
వేళ్ళతో సున్నా చుట్టి చూపిండు: బాగున్న.
నేను సున్నా చుట్టిన: బాగున్న.
సున్నాకు సున్నా జవాబు.
నీళ్ళల్ల మాట అంటె గంతే.

గోడ మీద డ్రిల్లు గీతలు,
పెద్ద దువ్వెనతోని దువ్వినట్టు.
నా కండ్లద్దంలకు నీళ్ళొచ్చినయి.
ముక్కుతో ఊది బయటికి తోసిన.
ఎంతసేపు? రెండు ఊపిరులు.
మళ్ళ చూసేసరికి
నా పక్కన నీళ్ళే ఉన్నయి.

ఒక్క నిమిషం వెతకాలె. దొరికినా దొరకకున్నా
తర్వాత పైకి.
డెస్మండ్ సారు సికింద్రాబాద్ పూల్ల
ఈల ఊది ఊది నేర్పిన లెక్క.
చుట్టు తిరిగిన. మీద చూసిన.
కింద, ఆకుపచ్చ నల్లగ మారేకాడ,
బుడగలు గొలుసు గొలుసుగ వస్తున్నయి.
మనిషి లేడు. వాని ఊపిరి మాత్రం
నన్ను దాటి పైకి పోతున్నది.

యాభై ఎనిమిది. యాభై తొమ్మిది.
ఈ రూలు రాసినోడు
ఎన్నడన్న ఒకణ్ణి కింద ఇడిచిపెట్టి ఎక్కిండో లేదో.
నేను ఎక్కిన.

తర్వాత చెప్పిండు, ముఖం పక్కకు తిప్పుకొని:
కింద పాత క్రేను కనబడ్డదట, కప్పీతో సహా.
ఒక్క అంతస్తే గదా అనుకున్నడట.
ఎనిమిదో అంతస్తుకాడ పాణం హాయిగైందట.
పదికాడ ఎవరో లిఫ్టు తలుపు తీసి
తన కోసమే పట్టుకున్నట్టు అనిపిచ్చిందట.
గాలి ముల్లు చూసిండట, అంకె చదివిండట,
అది తన అంకె అని తెల్వలేదట.
"లోతు మనిషిని బెదిరియ్యది అక్కా,
ఛాయ్ తాగుతవా అని అడుగుతది."

ముల్లు ఎర్రగీత దాటి, గాలి బిగుసుకున్నంక
తెలివొచ్చింది.
పక్కకు చెయ్యి చాపిండట,
నా రెండో గాలిగొట్టం కోసం,
నేను ఉండాల్సిన కాడ.

ఒడ్డున నేను చూస్తుండంగనే బుడగలు ఆగినయి.
తర్వాత నీళ్ళు పగిలినయి.
పన్నెండు అంతస్తులు ఒక్క ఉరుకుల ఎక్కిండు.
నవ్విండు గూడ. "ఏం కాలే."
ఈసీఐఎల్ చౌరస్తకాడ, రెడ్ సిగ్నల్ల,
"మోచెయ్యి ఎవరో మెలిపెడుతున్నరు" అన్నడు.
కారుల మేమిద్దరమే ఉన్నం.

ఇప్పుడు ఆస్పత్రిల
ఇనుప పీపా లాంటి గది, గుండ్రటి కిటికీ.
నీళ్ళు లేకుంటనే వాణ్ణి మళ్ళ కిందికి దింపుతున్నరు,
ఆరు అంతస్తులు. మేం అనుకున్న లోతే.
అక్కణ్ణుంచి మెల్లగ, గంటల మీద గంటలు, పైకి.

"ఐదు గంటలు పడుతది, ఇంటికి పోండి మేడం."
స్టూలు జరుపుకొని కిటికీకాడ కూసున్న.
సున్నా చుట్టి అద్దానికి ఆనిచ్చిన.
వాడు చూసిండు.
కుడిచెయ్యి లేస్తలేదు.
ఎడమ చెయ్యి లేపి
చూపుడువేలు, బొటనవేలు వంచిండు.
కొసలు కలవలేదు.

నేను చెయ్యి దింపలేదు.